దీపం ఆర్పాక సాగే పని: కాంతితో ఎపాక్సీ అతుకు, ప్రాజెక్టు డైరీ

లక్ష్యం

కాంతి చొరబడని రెండు అల్యూమినియం పలకలను, కాంతితో గట్టిపడే ఎపాక్సీ రెసిన్‌తో అతికించడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. పలకలు ఒకదానిమీద ఒకటి కూర్చున్న తరువాత మధ్య పొరకు వెలుగు అందే దారి ఉండదు. కాబట్టి ఒక పలకపై పరచిన పూతకు ముందుగానే కాంతి చూపించి, అది ఇంకా ద్రవంగా ఉన్నప్పుడే రెండో పలకను అమర్చి, మిగిలిన పనిని చీకటిలో జరగనివ్వాలి.

తలకిందులుగా కనిపించే ఈ పద్ధతికి ఆధారం ధనాయాన పాలిమరీకరణం, అంటే ధనావేశం ఉన్న అయాన్లు చిన్న అణువులను గొలుసులుగా కలపడం. కాంతితో గట్టిపడే పూతల్లోనూ అతుకు పదార్థాల్లోనూ ఎక్కువగా వాడేవి అక్రిలేట్లు. వాటిలో గొలుసులను పెంచేవి స్వేచ్ఛా ప్రాతిపదికలు, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణు ముక్కలు. రెండు ప్రాతిపదికలు ఎదురుపడితే జతకట్టి రెండూ అంతరిస్తాయి కనుక, దీపం ఆర్పిన కొద్దిసేపటికే వాటి పని దాదాపు నిలిచిపోతుంది. పైగా గాలిలోని ఆక్సిజన్ వాటిని పట్టేసి పైపొరను జిగటగా మిగులుస్తుంది. ధనాయానాల సంగతి వేరు. రెండు ధనావేశాలు ఒకదానినొకటి వికర్షించుకుంటాయే తప్ప కలిసి అంతం కావు. ఆక్సిజన్‌తో వాటికి పేచీ లేదు. రెసిన్‌లో కలిపిన ఒక లవణం కాంతికి విడిపోయి ఆమ్లాన్ని ఇస్తుంది. ఒకసారి పుట్టిన ఆ ఆమ్లం, దాన్ని హరించే క్షారమో కదలనివ్వని గట్టిదనమో ఎదురయ్యేవరకు, ఎపాక్సీ వలయాలను (రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ ఉన్న చిన్న వలయాలను) తెరుస్తూనే పోతుంది.

అమైన్ హార్డెనర్‌తో (గట్టిపరచడానికి కలిపే క్షారగుణం గల పదార్థంతో) కలిపే మామూలు ఎపాక్సీతోనూ ఈ పలకలను అతికించవచ్చు. కానీ అది కలిపిన క్షణం నుంచే చిక్కబడటం మొదలుపెడుతుంది, మిగిలినదాన్ని పారవేయవలసిందే. ధనాయాన మిశ్రమం ఒకే డబ్బాలో, వెలుగు తగలని చల్లని చోట, నెలల తరబడి ద్రవంగా నిలుస్తుంది. కావలసినప్పుడు కావలసినంత తీసి వాడుకునే ఈ వెసులుబాటు కోసమే ఇంత శ్రమ.

రెసిన్: వేగంగా ఉన్నదే మంచిదని కాదు

కాంతితో గట్టిపడే ఎపాక్సీ అనగానే ముందుగా వచ్చే పేరు సైక్లోఅలిఫాటిక్ డైఎపాక్సైడ్‌ది. ఆరు కార్బన్ల వలయానికి ఎపాక్సీ వలయం అంటుకుని ఉండే నిర్మాణం రెండు చివరలా ఉంటుంది, మధ్యలో ఒక ఎస్టర్ బంధం. అణుభారం సుమారు 252. గది ఉష్ణోగ్రత దగ్గర దీని స్నిగ్ధత (చిక్కదనం) కొన్ని వందల మిల్లీపాస్కల్ సెకన్లు మాత్రమే కాబట్టి కుంచెతో సులువుగా పరచుకుంటుంది. రెండోది అందరికీ తెలిసిన బిస్‌ఫినాల్ ఏ డైగ్లైసిడైల్ ఈథర్. దీని ఎపాక్సీ తుల్యభారం, అంటే ఒక మోల్ ఎపాక్సీ వలయాలు ఉండే రెసిన్ బరువు, సాధారణంగా 182 నుంచి 192 గ్రాముల మధ్య ఉంటుంది. స్నిగ్ధత 25 డిగ్రీల దగ్గర 11,000 నుంచి 14,000 మిల్లీపాస్కల్ సెకన్లు, అంటే చిక్కటి తేనె లాంటి ద్రవం.

చర్యాశీలతలో ఈ రెండింటికీ పెద్ద తేడా ఉంది. సైక్లోఅలిఫాటిక్ వలయాలు ఒత్తిడికి లోనై ఉండటం వల్ల ఆమ్లం తగలగానే తెరుచుకుంటాయి. గ్లైసిడైల్ ఈథర్‌లో ఎపాక్సీ పక్కనే ఉన్న ఈథర్ ఆక్సిజన్ కూడా ఆమ్లం ఇచ్చే ప్రోటాన్‌ను తనవైపు లాక్కుంటుంది, అందువల్ల వలయం తెరుచుకోవడం నెమ్మదిస్తుంది. పూతలు వేసేవారికి ఈ నెమ్మది ఒక లోపం. నా పనికి మాత్రం అదే కావాలి, ఎందుకంటే దీపం కింద నుంచి తీసిన పలకను సరిగ్గా అమర్చి బిగించడానికి తీరిక ఉండాలి.

గాజు పలకలపై రెండింటినీ వేరువేరుగా పరచి చూసినప్పుడు ఈ విషయం కళ్లకు కట్టింది. సైక్లోఅలిఫాటిక్ పూత దీపం కిందే గట్టిపడి, రెండో పలకను తీసుకోవడానికి నిరాకరించింది. గ్లైసిడైల్ పూత బయటికి తీసిన తరువాత కూడా సూదితో గీస్తే గీత పూడుకునేంత ద్రవంగా ఉండి, ఆ తరువాత క్రమంగా బిగిసింది. అందుకే బరువులో నూటికి 80 పాళ్లు గ్లైసిడైల్ ఈథర్‌నే ఉంచి, పలుచబరచడానికి, చివరి దశలో గట్టిదనం పెంచడానికి మాత్రమే 20 పాళ్లు సైక్లోఅలిఫాటిక్ రెసిన్ కలిపాను.

పెళుసుదనం తగ్గించడానికి ఈ మిశ్రమానికి అదనంగా కొద్దిగా పాలీకాప్రోలాక్టోన్ ట్రయోల్ (మూడు హైడ్రాక్సిల్ సమూహాలున్న, వంగే గుణం గల గొలుసు పదార్థం) చేర్చాను. దీనిలోని హైడ్రాక్సిల్ సమూహాలు ప్రోటాన్ చేరిన ఎపాక్సీపై దాడి చేసి, గొలుసులో తామూ భాగమై, ప్రోటాన్‌ను తిరిగి విడిచిపెడతాయి. అందువల్ల ఆమ్లం ఖర్చు కాదు, గొలుసుల మధ్య కాస్త వంగే గుణం వస్తుంది. మోతాదు పెరిగితే అతుకు వేడికి త్వరగా మెత్తబడుతుంది కాబట్టి నూటికి పది పాళ్లు దాటనివ్వలేదు.

లవణం

ఎపాక్సీలను కాంతితో గట్టిపరచడానికి తొలినాళ్లలో వాడిన అరైల్ డయజోనియం లవణాలు కాంతి తగిలితే లూయిస్ ఆమ్లంతోపాటు (ఎలక్ట్రాన్ జతను స్వీకరించే ఆమ్లంతోపాటు) నైట్రోజన్ వాయువును కూడా విడుదల చేసేవి. పూత మందంగా ఉంటే లోపల బుడగలు నిలిచిపోయేవి. నిల్వ కూడా అంతంతమాత్రమే. 1970లలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో జేమ్స్ క్రివెల్లో, ఆయన సహచరులు డైఅరైల్ అయోడోనియం, ట్రైఅరైల్ సల్ఫోనియం లవణాలను ముందుకు తెచ్చిన తరువాతే ఈ రంగం పారిశ్రామికంగా నిలదొక్కుకుంది. ఇవి చీకటిలో స్థిరంగా ఉంటాయి, బుడగలు రావు.

లవణంలో ధనాయానం కాంతిని పట్టే భాగమైతే, రుణాయానం చర్య ఎంత దూరం సాగుతుందో తేల్చే భాగం. పెరుగుతున్న గొలుసు చివర ఉన్న ధనావేశానికి రుణాయానం అతుక్కుంటే అక్కడితో ఆ గొలుసు ఆగిపోతుంది. కాబట్టి పరిమాణంలో పెద్దదై, ఆవేశాన్ని విస్తారంగా పరచుకుని, దేనికీ అంటుకోని రుణాయానం కావాలి. హెక్సాఫ్లోరోయాంటిమనేట్ అన్నిటికంటే చురుకైనది, తరువాత హెక్సాఫ్లోరోఆర్సెనేట్, ఆ తరువాత హెక్సాఫ్లోరోఫాస్ఫేట్, చివరన టెట్రాఫ్లోరోబోరేట్ అన్న వరుస ఈ రంగంలో పాఠంలా వినిపిస్తుంది. యాంటిమనీ విషపూరితం కాబట్టి ఫాస్ఫేట్‌తో సరిపెట్టుకోవచ్చా అని పోల్చి చూశాను. అసలే నెమ్మదిగా ఉండే గ్లైసిడైల్ మిశ్రమంలో ఫాస్ఫేట్ లవణం మరుసటి రోజుకు కూడా గోరు దిగేంత మెత్తదనాన్ని మిగిల్చింది. కనుక యాంటిమనేట్‌నే ఎంచుకుని, నైట్రైల్ తొడుగులు, గాలి లాగే పంకా లేకుండా ఆ సీసా మూత తీయకూడదని నిర్ణయించుకున్నాను. అయోడోనియం లవణాలు విడిపోయినప్పుడు అయోడోబెంజీన్ వంటి ఆవిరయ్యే ఉప ఉత్పన్నాలు వస్తాయి కాబట్టి ఆ పంకా దీపం దగ్గర కూడా అవసరమే.

మామూలు డైఫినైల్ అయోడోనియం లవణం రెసిన్‌లో సరిగా కరగదు. బెంజీన్ వలయానికి పొడవైన ఆక్టైలాక్సీ తోక ఉన్న రకం మెరుగ్గా కరుగుతుంది. రెసిన్‌ను 50 డిగ్రీల దాకా వేడి చేసి, నీలి కాంతి లేని ఎర్ర దీపం కింద, బరువులో 2 శాతం లవణాన్ని నెమ్మదిగా కలిపాను. కలియబెట్టేటప్పుడు చిక్కుకున్న గాలి బుడగలు పైకి తేలిపోయేదాకా చీకటి అరలో వదిలేయడం మంచిది. బుడగ ఉన్న చోట అతుకు ఉండదు.

సెన్సిటైజర్: లెక్క చేసి వేయవలసిన వస్తువు

నా దగ్గరున్న దీపం 395 నానోమీటర్ల ఎల్‌ఈడీ. అయోడోనియం లవణం ప్రధానంగా 300 నానోమీటర్ల లోపు కాంతినే పీల్చుకుంటుంది. అంటే ఈ దీపం కింద ఆ మిశ్రమాన్ని ఎంతసేపు ఉంచినా ఏమీ జరగకూడదు. పోలిక కోసం ఉంచిన నమూనాలో నిజంగానే ఏమీ జరగలేదు. రెండింటికీ మధ్యవర్తిగా సెన్సిటైజర్ కావాలి. అది దీపం కాంతిని తాను పీల్చుకుని, ఉత్తేజిత స్థితిలో ఒక ఎలక్ట్రాన్‌ను అయోడోనియం అయాన్‌కు అందిస్తుంది. ఎలక్ట్రాన్ అందుకున్న అయోడోనియం వెంటనే ముక్కలవుతుంది కాబట్టి ఆ బదిలీ వెనక్కు తిరగదు. చివరకు మిగిలేది బలమైన ఆమ్లం.

ఐసోప్రొపైల్ థయోక్సాంథోన్ అయోడోనియంతో చక్కగా పనిచేస్తుంది, కానీ పసుపు ఛాయ మిగులుతుంది. పసుపు కొమ్ములోని కుర్కుమిన్ కూడా అయోడోనియం లవణాలకు సెన్సిటైజర్‌గా పనికివస్తుందని క్రివెల్లో 2005లో చూపించారు. నీలి కాంతి దీపాలున్నవారికి అది ఆసక్తికరమైన దారి. నేను తీసుకున్నది 9,10-డైబ్యూటాక్సీఆంథ్రసీన్. ఇది 400 నానోమీటర్ల పరిసరాల వరకు కాంతిని పీలుస్తుంది, పైగా చర్యలో తానూ ఖర్చయిపోతూ రంగు కోల్పోతుంది. పై పొరలో రంగు తగ్గిన కొద్దీ కింది పొరకు వెలుగు దిగుతుంది.

దీన్ని ఎంత వేయాలన్నది చేతి అంచనాకు వదలకూడదు. దీని అణుభారం 322. రెసిన్ సాంద్రత మిల్లీలీటరుకు 1.16 గ్రాముల దగ్గర, బరువులో 0.2 శాతం వేస్తే లీటరుకు సుమారు 7.2 మిల్లీమోల్‌లు అవుతాయి. మోలార్ శోషణ గుణకాన్ని (పదార్థం కాంతిని ఎంత బలంగా పీలుస్తుందో చెప్పే సంఖ్యను) ఉదాహరణకు 5,000 అనుకుంటే, 0.1 మిల్లీమీటరు మందం పొరలో శోషణ విలువ 0.36, అంటే పడిన కాంతిలో 44 శాతం అడుగుకు చేరుతుంది. అదే మోతాదుతో 3 మిల్లీమీటర్ల దిమ్మ పోస్తే శోషణ విలువ పదిని దాటుతుంది. రంగు తరిగేదాకా అడుగుకు వెలుగు చేరదు, పైన పెంకు, కింద ద్రవం మిగులుతాయి. మోతాదును పదో వంతుకు తగ్గిస్తే 0.1 మిల్లీమీటరు పొర పీల్చుకునేది 8 శాతమే, దీపం కాంతి చాలావరకు వృథా. కాబట్టి పొర మందాన్ని ముందు తేల్చుకుని, ఆ తరువాతే సెన్సిటైజర్ తూయాలి. నా పొర 0.1 మిల్లీమీటరు, మోతాదు 0.2 శాతం. అల్యూమినియం అడుగు కాంతిని వెనక్కు పంపుతుంది కనుక అదే పొర గుండా వెలుగు రెండోసారి నడుస్తుంది. గాజుపై చేసిన పరీక్షల కంటే లోహంపై చర్య చురుగ్గా కనిపించడానికి కారణం ఇదేనని అనుకుంటున్నాను.

దీపం తరువాతి గంటలు

ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం గడిచింది దీపం కింద కాదు, ఆర్పిన తరువాత. లోహం లోపల ఏం జరుగుతోందో కనిపించదు కాబట్టి, ప్రతి అతుకుతోపాటు అదే మిశ్రమం, అదే మందం, అదే కాంతి మోతాదుతో ఒక పూతను మూత లేకుండా పక్కన ఉంచి, సన్నని సూదితో గీస్తూ గమనించాను. మొదట గీత వెంటనే పూడుకుపోతుంది. కొంతసేపటికి గీత పూడుకోవడానికి ఆలస్యం చేస్తుంది, సూది ఎత్తితే కొనకు సన్నని దారం లేస్తుంది. ఆ తరువాత గీత అంచులు గట్టుల్లా నిలిచిపోతాయి. రెండో పలకను అమర్చవలసింది దారం లేచే దశకు ముందే. గట్టులు నిలిచాక అమర్చినవి చేతితో లాగగానే ఊడి వచ్చాయి, ఊడిన చోట రెండో పలక శుభ్రంగా, రెసిన్ మరక కూడా లేకుండా ఉంది. అంటే రెసిన్ ఆ పలకను తడపనే లేదు.

కాంతి మోతాదు పెంచితే ఈ వ్యవధి తగ్గుతుంది, తగ్గిస్తే పెరుగుతుంది. ఇంతవరకు ఎవరైనా ఊహించేదే. ఉష్ణోగ్రత ప్రభావం మాత్రం నేను అనుకున్నదానికంటే బలంగా ఉంది. 40 డిగ్రీల హాట్‌ప్లేట్‌పై ఉంచిన పలకపై, అదే కాంతి మోతాదుకు, తీరిక సమయం బాగా కుదించుకుపోయింది. ఆమ్లం పుట్టించడం కాంతి పని, ఆ ఆమ్లం ఎంత వేగంగా నడవాలో చెప్పేది వేడి. అందువల్ల పలకను గది ఉష్ణోగ్రతలో వెలిగించి, అమర్చి, బిగించిన తరువాతే వేడి చేయడం ఈ పనికి అనువైన క్రమం.

చీకటిలో చర్య ఎంతదాకా వెళ్లిందో సూది చెప్పలేదు. ఎఫ్‌టీఐఆర్ పరికరం (పరారుణ కాంతి శోషణను కొలిచేది) అందుబాటులో ఉంటే గ్లైసిడైల్ వలయానికి 915, సైక్లోఅలిఫాటిక్ వలయానికి 790 సెంటీమీటర్ విలోమం దగ్గర కనిపించే శిఖరాలు తరిగిపోవడాన్ని నేరుగా చూడవచ్చు. అది లేకపోతే, తూచిన పూత ముక్కను అసిటోన్‌లో నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ తూచితే గొలుసుల వలలో చేరని భాగం ఎంతో తెలుస్తుంది. రెండో పద్ధతే నాది.

తేమ, క్షారం

ఆక్సిజన్‌ను లెక్కచేయని ఈ చర్యకు అసలు శత్రువులు నీరు, క్షారం. నీటి అణువు గొలుసు చివరను పట్టుకుని అక్కడితో ఆపి, ప్రోటాన్‌ను మరో చోటికి పంపుతుంది. గొలుసులు పొట్టివవుతాయి, చర్య నెమ్మదిస్తుంది. వాన పట్టిన రోజున మూత లేకుండా ఉంచిన పూత పైపొర మర్నాటికి కూడా వేలి ముద్ర తీసుకుంది. సిలికా జెల్ ఉంచిన మూత డబ్బాలోని పూత తీసుకోలేదు. అయితే రెండు పలకల మధ్య మూసుకుపోయిన పొరకు గాలిలోని తేమ అందదు కాబట్టి, అంచుల దగ్గర పొంగి వచ్చిన రెసిన్ జిగటగా ఉన్నా లోపలి అతుకు గట్టిగానే ఉంటుంది. అంచును తాకి అతుకు చెడిందని తేల్చేయకూడదు.

క్షారం విషయంలో క్షమాపణ లేదు. పరీక్షగా మిశ్రమంలో కొంత భాగానికి కాల్షియం కార్బనేట్ పొడిని, మరో భాగానికి సిలికా పొడిని పూరకాలుగా కలిపాను. సిలికా కలిపినది ఎప్పటిలాగే గట్టిపడింది. కాల్షియం కార్బనేట్ కలిపినది దీపం కింద ఎంతసేపు ఉంచినా ద్రవంగానే మిగిలింది, ఎందుకంటే పుట్టిన ఆమ్లాన్ని పుట్టినట్టే సుద్ద హరించింది. అమైన్ హార్డెనర్ తెరిచి ఉన్న బల్ల మీద ఈ పని పెట్టుకోకూడదన్న హెచ్చరికకు కారణం కూడా ఇదే. అన్నిటికంటే తెలివిగా దాగి ఉండేది పలక ఉపరితలంపై మిగిలిన క్షారం. అల్యూమినియాన్ని క్షారగుణం గల డిటర్జెంట్‌తో కడిగి సరిగా జాడించకపోతే, పూత పై భాగం గట్టిపడి, లోహాన్ని తాకే పలుచని పొర మెత్తగా ఉండిపోతుంది. అందుకే డిటర్జెంట్‌ను పూర్తిగా మానుకుని, సన్నని ఉప్పుకాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి ఆరబెట్టిన పలకలనే వాడుతున్నాను.

బిగింపు, వేడి

పొర మందం అన్ని చోట్లా ఒకేలా ఉండటానికి నాలుగు మూలలా 0.1 మిల్లీమీటరు పాలిస్టర్ ఫిల్మ్ ముక్కలు పెట్టి బిగించాను. గది ఉష్ణోగ్రతలో రాత్రంతా ఉంచిన అతుకు చేతికి గట్టిగానే తోస్తుంది, కానీ అసిటోన్ పరీక్షలో ఇంకా కరిగే భాగం కనిపిస్తుంది. గొలుసులు పెరిగిన కొద్దీ పదార్థపు గాజు పరివర్తన ఉష్ణోగ్రత (దానికి దిగువన పదార్థం గాజులా బిగిసిపోయే ఉష్ణోగ్రత) పెరుగుతుంది. అది గది ఉష్ణోగ్రతను దాటగానే అణువులు కదలలేక చర్య నిలిచిపోతుంది. ఆమ్లం చావలేదు, దాని దారి మూసుకుపోయింది. అతుకును ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర కొంతసేపు ఉంచినప్పుడు ఆగిన చర్య మళ్లీ కదలడం, కరిగే భాగం తగ్గడం ఈ లెక్కకు సరిపోయాయి. నేరుగా 120 డిగ్రీలకు పోకుండా మెట్లుగా వేడి పెంచడం మేలు. ఎపాక్సీ వలయం ఒక్కో మోల్ తెరుచుకున్నప్పుడు 90 నుంచి 100 కిలోజౌళ్ల వేడి విడుదలవుతుంది; పలుచని పొరలో ఆ వేడిని లోహం లాగేసుకుంటుంది కానీ, అంచుల్లో పోగుపడిన రెసిన్ ముద్దల్లో అది నిలిచి, రంగు మారి, పగుళ్లు పడవచ్చు.

ఇలా వేడి చేసిన పలకలను ఉలితో విడదీసినప్పుడు రెసిన్ రెండు ముఖాలకూ అంటుకుని మధ్యలో చీలింది. అతుకు లోహం దగ్గర ఊడకుండా రెసిన్‌లోనే చీలడం నాకు కావలసిన ఫలితం. రెసిన్ బలాన్ని పెంచడం ఆ తరువాతి మాట.

మిగిలిన చోటు: అంచు

అంచుల్లో నిండే మందమైన రెసిన్ గట్టు ఇంకా తేలని విషయం. పైన చెప్పిన లెక్క ప్రకారం 0.2 శాతం సెన్సిటైజర్‌తో ఆ మందానికి వెలుగు చేరదు. సెన్సిటైజర్ తగ్గిస్తే పలుచని పొర దెబ్బతింటుంది. దీనికి ఒక దారి ముఖ పాలిమరీకరణం. అయోడోనియం లవణంతోపాటు వేడికి విడిపోయే బెంజ్‌పినకోల్ వంటి పదార్థం కలిపితే, పై పొరలో కాంతితో మొదలైన చర్య వెలువరించే వేడే కింది పొరలో ప్రాతిపదికలను పుట్టిస్తుంది, అవి అయోడోనియాన్ని క్షయకరిస్తాయి (దానికి ఎలక్ట్రాన్ అందిస్తాయి), మళ్లీ ఆమ్లం పుడుతుంది. ఇలా గట్టిపడుతున్న సరిహద్దు, అంటే చర్య ముఖం, వెలుగు అక్కరలేకుండానే లోపలికి జరిగిపోతుంది. వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో లిస్కా బృందం 2015లో ఎపాక్సీలపై ఈ పద్ధతిని వివరంగా ప్రచురించింది.

నా సందేహం అల్యూమినియం మీదే. చర్య ముఖం ముందుకు సాగడానికి వేడి నిలవాలి, లోహమేమో ఆ వేడిని లాగేసుకుంటుంది. అందువల్ల గట్టు పై భాగం వరకే ఇది నడిచి, పలకను తాకే చోట ఆగిపోవచ్చు. పలకలను ముందే 60 డిగ్రీలకు తెచ్చి ఉంచితే ఆ నష్టం కొంత తగ్గుతుంది. 1 శాతం బెంజ్‌పినకోల్ కలిపిన మిశ్రమం ఇప్పుడు చీకటి అరలో ఉంది. గట్టుల మీద పోయడానికి ముందు చూడవలసింది అది నిల్వలో తనంతట తాను చిక్కబడుతోందా అన్నది; అందుకోసం అదే మిశ్రమంలో కొంత 40 డిగ్రీల దగ్గర వేరుగా పెట్టి, స్నిగ్ధతను వారానికోసారి కొలిచి ఇక్కడ రాస్తాను.